ఫైనాన్షియల్ అడ్వైజర్‌కి మీ డబ్బు వివరాలు చెబుతున్నారా? ఏది చెప్పొచ్చు.. ఏది చెప్పకూడదు.. ఒక్కసారి ఇది చదవండి!

"సార్, మీ ఇన్వెస్ట్‌మెంట్లు ఒకసారి ఫ్రీగా చెక్ చేసి పెడతాం. మీ పాన్ నంబర్ చెప్పండి, ఒక ఓటీపీ వస్తుంది, అది చెబితే చాలు". ఇలాంటి ఫోన్ ఒక్కసారైనా రాని వాళ్లు ఇప్పుడు తక్కువే. ఫోన్ చేసేవాళ్లలో నిజమైన అడ్వైజర్లు ఉంటారు, మ్యూచువల్ ఫండ్ అమ్మేవాళ్లు ఉంటారు, ఇన్సూరెన్స్ టార్గెట్ కోసం తిరిగేవాళ్లు ఉంటారు. పక్కా మోసగాళ్లూ ఉంటారు. ఫోన్‌లో మాత్రం అందరి మాటా ఒకేలా వినిపిస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఖమ్మంలో ఒక టీచర్ గారు రిటైర్ అయ్యారనుకోండి. గ్రాట్యుటీ, జీపీఎఫ్, కమ్యుటేషన్ అన్నీ కలిపి పెద్ద మొత్తమే వచ్చింది. ఎవరో అడ్వైజర్‌నని ఫోన్ చేసి, ఎంత వచ్చిందో, ఏ బ్యాంకులో ఉందో మాత్రమే అడిగాడు. ఓటీపీ అడగలేదు, పాస్‌వర్డ్ అడగలేదు. "లెక్కలే కదా" అని ఆయన చెప్పేశారు. వారం తర్వాత "మీ బ్యాంక్ నుంచి మాట్లాడుతున్నాం" అంటూ ఇంకో ఫోన్ వస్తుంది. అవతలి వ్యక్తి ఆయన పేరు, బ్రాంచి, ఖాతాలో ఉన్న మొత్తం కరెక్ట్‌గా చెబుతాడు. అన్నీ సరిగ్గా చెబుతుంటే బ్యాంకు వాళ్లే అనుకోకుండా ఎలా ఉంటారు? అంటే మొదటి ఫోన్‌లో చెప్పిన లెక్కే రెండో ఫోన్‌లో నమ్మకంగా మారింది.

అలాగని ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండలేం కూడా. మరి ఎవరికి, ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలి? వివరంగా చూద్దాం.

అసలు అడ్వైజర్‌కి మన వివరాలు ఎందుకు?

డాక్టర్ నాడి చూడకుండా మందు రాయనట్టే, మంచి అడ్వైజర్ మన ఆర్థిక పరిస్థితి తెలుసుకోకుండా సలహా ఇవ్వరు. సెబీ 2013లో తెచ్చిన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్స్ రెగ్యులేషన్స్ ప్రకారం రిజిస్టర్డ్ అడ్వైజర్ కచ్చితంగా రిస్క్ ప్రొఫైలింగ్ చేయాలి. మీ వయసు, ఆదాయం, ఇప్పటికే ఉన్న పెట్టుబడులు, అప్పులు, ఇన్సూరెన్స్, మీ మీద ఆధారపడినవాళ్లు, డబ్బు ఎప్పుడు దేనికి కావాలి.. ఇవన్నీ అడగాలి. ఆ తర్వాతే మీకు నప్పే సలహా ఇవ్వాలి. క్లయింట్‌గా చేర్చుకునేటప్పుడు కేవైసీ కూడా ఉంటుంది కాబట్టి పాన్ అడగడం తప్పేమీ కాదు.

కాబట్టి వివరాలు అడిగారు కదా అని మోసం అనుకోనక్కర్లేదు. తాను ఎవరో రుజువు చూపించకముందే అడిగితే మాత్రం ఆగండి. సలహాకి అవసరం లేనివి అడిగితే ఇంకా గట్టిగా ఆగండి.

ఒక చిన్న సూత్రం పెట్టుకోండి. మీ ఇల్లు ఎలా ఉందో చెప్పడం వేరు, ఇంటి తాళం చెవి ఇవ్వడం వేరు. జీతం ఎంత, ఈఎంఐ ఎంత, ఎఫ్‌డీ ఎంత అనేవి ఇంటి వివరాలు. పాస్‌వర్డ్, పిన్, ఓటీపీ, సంతకం చేసిన ఖాళీ కాగితం.. ఇవి తాళం చెవులు. నమ్మకం కుదిరాక అడ్వైజర్‌కి ఇంటి వివరాలు చెప్పొచ్చు. తాళం చెవి మాత్రం ఎంత మంచి అడ్వైజర్‌కైనా అక్కర్లేదు.

ముందు ఆయనెవరో తేల్చుకోండి

"అడ్వైజర్", "వెల్త్ మేనేజర్", "ఫైనాన్షియల్ ప్లానర్".. విజిటింగ్ కార్డు మీద ఏదైనా రాసుకోవచ్చు. అసలు విషయం రిజిస్ట్రేషన్ నంబర్‌లో ఉంటుంది. ఆ నంబర్ ఎలా మొదలవుతుందో చూస్తే ఆయన పనేంటో తెలిసిపోతుంది.

- ఐఎన్‌ఏ అనే అక్షరాలతో మొదలైతే సెబీ రిజిస్టర్డ్ ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్. మీ పూర్తి ఆర్థిక పరిస్థితి చూసి, ఫీజు తీసుకుని సలహా ఇవ్వాల్సింది వీళ్లే.
- ఐఎన్‌హెచ్‌తో మొదలైతే రీసెర్చ్ అనలిస్ట్. షేర్ల మీద రిపోర్టులు, కొనుగోలు, అమ్మకం సూచనలు ఇస్తారు. వీళ్లకి మీ బ్యాంక్ స్టేట్‌మెంట్‌తో పని లేదు.
- ఐఎన్‌పీ ఉంటే పోర్ట్‌ఫోలియో మేనేజర్, ఐఎన్‌జెడ్ ఉంటే స్టాక్ బ్రోకర్.
- ఏఆర్‌ఎన్ నంబర్ ఉంటే యాంఫీలో నమోదైన మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్. ఫండ్ అమ్మినందుకు వీళ్లకి కమీషన్ వస్తుంది. అది తప్పు కాదు, కానీ అది మీకు ముందే తెలిసి ఉండాలి.
- ఇన్సూరెన్స్ ఏజెంట్ అయితే ఐఆర్‌డీఏఐ నిబంధనల కింద ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చిన నియామక పత్రం ఉండాలి.

దేశంలో డీమ్యాట్ ఖాతాలు 20 కోట్లు దాటాయి. సెబీ దగ్గర నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లు మాత్రం వెయ్యికి అటూ ఇటుగానే ఉన్నారు. అంటే మనకి ఫోన్ చేసి "అడ్వైజర్‌ని" అని చెప్పేవాళ్లలో ఎక్కువ మంది ఆ లిస్టులో ఉండే అవకాశం చాలా తక్కువ. ఎన్‌ఐఎస్‌ఎం సర్టిఫికెట్ ఉందనో, సీఎఫ్‌పీ చదివాననో చెప్పినా సరే.. అవి చదువుకి సంబంధించినవి. రిజిస్ట్రేషన్‌తో సమానం కావు.

సెబీ వెబ్‌సైట్‌లో రికగ్నైజ్డ్ ఇంటర్మీడియరీస్ అనే విభాగం ఉంటుంది. అందులో ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ లిస్టు తెరిచి పేరుతో గానీ, నంబర్‌తో గానీ వెతకొచ్చు. రెండు నిమిషాల పని.

నంబర్ ఉంటే సరిపోతుందా? ఇక్కడే తిరకాసు

నిజమైన అడ్వైజర్ పేరు, నంబర్ కాపీ కొట్టి వాట్సాప్‌లో సర్టిఫికెట్ ఫొటో పంపే మోసగాళ్లు కూడా ఉన్నారు. సెబీ సైట్‌లో చూస్తే ఆ నంబర్ నిజమే అని వస్తుంది. కానీ మీతో మాట్లాడుతున్న మనిషి ఆయన కాదు!

అందుకే ఆయన ఇచ్చిన ఫోన్ నంబర్‌కి కాకుండా, సెబీ లిస్టులో ఉన్న ఫోన్ నంబర్‌కో, ఈమెయిల్‌కో మీరే కాంటాక్ట్ చేయండి. "మీ ఆఫీసు నుంచి ఫలానా వ్యక్తి ఫోన్ చేశారు, నిజమేనా?" అని అడగండి. నకిలీలను పట్టుకోవడానికి ఇంతకంటే తేలిక మార్గం లేదు.

ఫీజు కట్టేటప్పుడు ఇంకో చెక్ ఉంది. 2025 అక్టోబర్ 1 నుంచి సెబీ కొత్త యూపీఐ పద్ధతి తెచ్చింది. ఇన్వెస్టర్ల నుంచి డబ్బు తీసుకునే రిజిస్టర్డ్ సంస్థల యూపీఐ ఐడీలో 'వ్యాలిడ్' అనే పదం, దాని వెంట బ్యాంక్ పేరు ఉంటాయి. డబ్బు పంపేటప్పుడు ఆకుపచ్చ త్రికోణంలో బొటనవేలు పైకెత్తిన గుర్తు కనిపిస్తుంది. అనుమానం ఉంటే 'సెబీ చెక్' అనే టూల్‌లో ఆ యూపీఐ ఐడీని లేదా బ్యాంక్ ఖాతా నంబర్, ఐఎఫ్ఎస్‌సీ కోడ్‌ని సరిచూసుకోవచ్చు.

ఫీజుకి కూడా లెక్క ఉంది. వ్యక్తిగత క్లయింట్ల నుంచి ఫిక్స్‌డ్ ఫీజు పద్ధతిలో ఏడాదికి ఒక కుటుంబానికి గరిష్ఠంగా రూ.1,51,000 వరకు తీసుకోవచ్చు. లేదా సలహా ఇస్తున్న ఆస్తుల విలువ మీద ఏడాదికి 2.5 శాతం వరకు తీసుకోవచ్చు. నగదు తీసుకోకూడదు. ముందుగా అగ్రిమెంట్ రాసుకోవాలి. ఇంత లాభం గ్యారంటీ అని చెప్పకూడదు. "క్యాష్ ఇవ్వండి", "మా బావ ఖాతాలో వేయండి", "నెలకి 5 శాతం పక్కా".. ఈ మూడింట్లో ఏది వినిపించినా సంభాషణ అక్కడితో ఆపేయండి.

మెట్టు మెట్టుగా చెప్పండి

మొదటి పరిచయంలోనే కుండబద్దలు కొట్టినట్టు అన్నీ చెప్పేయక్కర్లేదు. మూడు మెట్లుగా వెళ్తే మీకు సేఫ్, అడ్వైజర్‌కీ ఇబ్బంది ఉండదు.

మొదటి మెట్టు: పరిచయం. మీ వయసు, ఉద్యోగం ఎలాంటిది, ఇంట్లో ఎంతమంది, ఏం లక్ష్యం ఉంది.. ఇంతే. డబ్బు గురించి చెప్పాల్సి వస్తే రౌండ్ ఫిగర్‌లో చెప్పండి. "నెలకి లక్ష లోపు వస్తుంది, అందులో మూడో వంతు ఈఎంఐలకి పోతుంది" అంటే చాలు. బ్యాంక్ పేరు, బ్రాంచి, ఖాతా నంబర్ అవసరం లేదు. ఈ దశలో ఆయన మీ గురించి తెలుసుకోవడం కంటే మీరు ఆయన గురించి తెలుసుకోవడమే ముఖ్యం.

రెండో మెట్టు: రిజిస్ట్రేషన్ సరిచూసుకుని, అగ్రిమెంట్ చదివాక. ఇప్పుడు అసలు లెక్కలు ఇవ్వొచ్చు. కానీ స్టేట్‌మెంట్లు పంపే బదులు మీరే ఒక తెల్లకాగితం మీదో, ఎక్సెల్‌లోనో రాసివ్వండి. ఏ ఫండ్‌లో ఎంత ఉంది, ఎఫ్‌డీ ఎంత, పీఎఫ్ ఎంత, బంగారం ఎంత, హోమ్ లోన్ ఎంత మిగిలింది అని. ఫోలియో నంబర్లు, ఖాతా నంబర్లు వద్దు. ప్లాన్ తయారు చేయడానికి మొత్తాలు కావాలి గానీ ఖాతా నంబర్లు అక్కర్లేదు.

మూడో మెట్టు: సంతకం పెట్టి క్లయింట్‌గా చేరాక. కేవైసీకి పాన్, చిరునామా రుజువు ఇస్తారు. అవసరమైతే పూర్తి స్టేట్‌మెంట్లు ఇస్తారు. రిజిస్టర్డ్ అడ్వైజర్ మీ రికార్డులను కనీసం ఐదేళ్లు భద్రపరచాలనే నిబంధన ఉంది. కాబట్టి ఇచ్చే ముందే మూడు ప్రశ్నలు అడగండి. నా వివరాలు ఎక్కడ దాస్తారు? ఆఫీసులో ఎవరెవరు చూస్తారు? లోన్లు, ఇన్సూరెన్స్ అమ్మే వేరే కంపెనీలకి ఇస్తారా? సమాధానం అగ్రిమెంట్‌లో రాసి ఉంటే ఇంకా మంచిది.

ఏ కాగితంలో ఏముంటుంది?

చాలామందికి తాము పంపుతున్న పీడీఎఫ్‌లో ఏముందో పూర్తిగా తెలియదు. ఒక్కోటి చూద్దాం.

సీఏఎస్, అంటే కన్సాలిడేటెడ్ అకౌంట్ స్టేట్‌మెంట్. మీ మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్‌లోని షేర్లు అన్నీ ఒకే చోట కనిపిస్తాయి. ఎన్‌ఎస్‌డీఎల్, సీడీఎస్‌ఎల్ పంపే సీఏఎస్‌కి పాస్‌వర్డ్ మీ పాన్ నంబరే. అంటే ఆ పీడీఎఫ్, పాన్ కాపీ రెండూ ఒకే వాట్సాప్ చాట్‌లో పంపితే దానికి తాళం వేసినా వేయనట్టే.

"ఓటీపీ చెబితే చాలు" అనేది కూడా ఇలాంటిదే. పాన్, ఓటీపీతో మీ మ్యూచువల్ ఫండ్ వివరాలన్నీ తెప్పించుకునే సౌకర్యం చట్టబద్ధంగానే ఉంది. కానీ ఆ ఓటీపీ దేనికి వచ్చిందో ఎస్‌ఎంఎస్‌లోనే రాసి ఉంటుంది. వివరాలు చూడటానికా, ఫండ్ అమ్మడానికా, లోన్‌కి తాకట్టు పెట్టడానికా? అది చదవకుండా ఓటీపీని ఎక్కడా కొట్టొద్దు. ఫోన్‌లో అయితే ఎవరికీ చెప్పనే వద్దు. అవసరమైతే మీరే లాగిన్ అయ్యి స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసుకోండి.

బ్యాంక్ స్టేట్‌మెంట్. ఇందులో ఖాతా నంబర్ మాత్రమే కాదు, మీ జీవితమే ఉంటుంది. జీతం ఏ తేదీన పడుతుంది, పిల్లల స్కూల్ ఏది, ఏ ఆస్పత్రికి వెళ్తున్నారు, ఎవరికి నెలనెలా పంపుతున్నారు.. అన్నీ తెలుస్తాయి. ఇవ్వాల్సి వస్తే అవసరమైన నెలలవే ఇవ్వండి.

ఆధార్. పూర్తి ఆధార్ కాపీ బదులు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. యూఐడీఏఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఏ కాపీ ఇచ్చినా దాని మీద ఎవరికి, దేనికి, ఏ తేదీన ఇచ్చారో అడ్డంగా రాసి సంతకం పెట్టండి.

క్యాన్సిల్డ్ చెక్. దాని మీద సంతకం ఉండకూడదు. అడ్డంగా రెండు గీతలు గీసి మధ్యలో 'క్యాన్సిల్డ్' అని రాయాలి. సంతకం చేసిన ఖాళీ చెక్ ఎవరికీ ఇవ్వొద్దు.

ఇన్‌కమ్ ట్యాక్స్ లాగిన్. రిటర్న్ వేయడానికని పాస్‌వర్డ్ ఇచ్చి ఏళ్ల తరబడి మార్చని వాళ్లు చాలామంది. ఆ లాగిన్‌లో ఏఐఎస్ ఉంటుంది. జీతం, వడ్డీ, షేర్ల అమ్మకం.. మీ సంపాదన మొత్తం అందులోనే. సలహా కోసం ఐటీఆర్ కాపీ సరిపోతుంది, లాగిన్ అక్కర్లేదు. ఇప్పటికే ఇచ్చి ఉంటే ఈ రోజే మార్చేయండి.

ఎవరికీ ఇవ్వకూడనివి ఇవీ

నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్, యూపీఐ పిన్, ఏటీఎం పిన్, కార్డు వెనుక ఉండే సీవీవీ, డీమ్యాట్ లాగిన్, టీపిన్, ఓటీపీ. వీటిలో ఏ ఒక్కటీ సలహా ఇవ్వడానికి అవసరం లేదు. అలాగే "మీకు నేర్పిస్తా, ఈ యాప్ వేసుకోండి" అని స్క్రీన్ షేరింగ్ యాప్ ఇన్‌స్టాల్ చేయమంటే ఒప్పుకోవద్దు. ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్‌ల విషయంలో ఆర్‌బీఐ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. మీ స్క్రీన్ అవతలివాళ్లకి కనిపిస్తుంటే, మీరు నోటితో చెప్పకపోయినా ఓటీపీ చెప్పినట్టే.

ఇక్కడ డబ్బుకి సంబంధించిన అసలు విషయం ఒకటుంది. 2017 జులై 6న ఆర్‌బీఐ ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు కస్టమర్‌దీ బ్యాంకుదీ కాకుండా మూడో వ్యక్తి వల్ల ఖాతాలో డబ్బు పోతే, సమాచారం అందిన మూడు పని దినాల్లో బ్యాంకుకి చెబితే కస్టమర్‌కి నష్టం ఉండదు. కానీ కస్టమరే పిన్, ఓటీపీ లాంటివి చెప్పి ఉంటే? బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బంతా కస్టమర్ నష్టమే. ఫిర్యాదు చేశాక పోయినదానికే బ్యాంకు బాధ్యత. అంటే "నమ్మి చెప్పాను" అన్న మాట బ్యాంకులో పనిచేయదు.

ఇంకో చిన్న మెలిక చాలామంది పట్టించుకోరు. "మీకెందుకండీ శ్రమ, మెసేజ్‌లన్నీ నేను చూసుకుంటా" అని కొంతమంది ఏజెంట్లు ఫండ్ ఫారంలో మీ మొబైల్ నంబర్, ఈమెయిల్ బదులు వాళ్లవి రాసేస్తారు. దాంతో ఓటీపీలు, స్టేట్‌మెంట్లు అన్నీ వాళ్లకే వెళ్తాయి. మీ పేరు మీద ఏం జరుగుతోందో చివరగా తెలిసేది మీకే. మీ సీఏఎస్ ఎవరి ఈమెయిల్‌కి వస్తోందో ఇవాళే చూసుకోండి. రావాల్సిన స్టేట్‌మెంట్ రావడం ఆగిపోయిందంటే వెంటనే ఫండ్ హౌస్‌కో, రిజిస్ట్రార్లయిన క్యామ్స్, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న కేఫిన్‌టెక్ సర్వీస్ సెంటర్‌కో వెళ్లి అడగండి.

కార్వీ చెప్పిన పాఠం

"ఒక్క సంతకమే కదా" అనుకునే వాళ్లు కార్వీ స్టాక్ బ్రోకింగ్ కేసు గుర్తు చేసుకోవాలి. కార్వీ అడ్వైజర్ కాదు, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన పెద్ద బ్రోకరేజ్ సంస్థ. తెలుగు రాష్ట్రాల్లో ఎంతోమందికి మొదటి డీమ్యాట్ ఖాతా అక్కడే. ఖాతా తెరిచేటప్పుడు క్లయింట్లు మామూలుగా సంతకం పెట్టిన పవర్ ఆఫ్ అటార్నీని దుర్వినియోగం చేసి, వాళ్ల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చిందని సెబీ తేల్చింది. 2019 నవంబర్ 22న కొత్త క్లయింట్లను తీసుకోకుండా నిషేధం విధించింది. ఆ తర్వాత డిసెంబర్‌లో 80 వేల మందికి పైగా క్లయింట్లకి షేర్లు తిరిగి వాళ్ల ఖాతాల్లోకి వచ్చాయి. 2023 ఏప్రిల్‌లో సెబీ ఆ సంస్థపై ఏడేళ్ల నిషేధం విధించింది.

గమనించారా? అది ఊరూపేరూ లేని సంస్థ కాదు, రిజిస్ట్రేషన్ ఉన్నదే. అయినా చేతికి తాళం చెవి చిక్కాక ఏం జరిగిందో చూశాం. అందుకే రిజిస్ట్రేషన్ చూసుకోవడం మొదటి పని మాత్రమే, ఆఖరి పని కాదు.

ఈ తర్వాత నిబంధనలు మారాయి. 2022లో సెబీ పవర్ ఆఫ్ అటార్నీ స్థానంలో డీడీపీఐ అనే పత్రం తెచ్చింది. షేర్లు అమ్మినప్పుడు డెలివరీ ఇవ్వడం, మార్జిన్ కోసం తాకట్టు పెట్టడం లాంటి కొన్ని పనులకే అది పరిమితం. అది ఇవ్వడం కూడా మీ ఇష్టమే, తప్పనిసరి కాదు. కాబట్టి ఇప్పుడు ఎవరైనా "జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వండి, అంతా మేమే చూసుకుంటాం" అంటే ఎందుకని గట్టిగా అడగండి. ఖాళీ ఫారాల మీద సంతకాలు మాత్రం పెట్టనే వద్దు.

వివరాలు పంచుకోవడానికి సేఫ్ దారి ఉందా?

ఉంది. దాని పేరు అకౌంట్ అగ్రిగేటర్. ఆర్‌బీఐ 2016లో నిబంధనలు పెట్టింది, 2021 సెప్టెంబర్‌లో ఇది మొదలైంది. మీ బ్యాంక్ దగ్గరున్న సమాచారాన్ని మీ అనుమతితో, ఎన్‌క్రిప్ట్ చేసి, అడిగిన సంస్థకి చేర్చే వ్యవస్థ ఇది. మధ్యలో ఉన్న అగ్రిగేటర్ ఆ డేటాని చూడలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. దీని ద్వారా డబ్బు కదిలించడం కుదరదు.

అనుమతి ఇచ్చే స్క్రీన్‌లో నాలుగు విషయాలు కనిపిస్తాయి. ఏ డేటా, దేనికోసం, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు. ఒక్కసారి చూస్తే సరిపోయే పనికి ఏడాది పాటు రోజూ చూసే అనుమతి అడుగుతుంటే ఒప్పుకోవద్దు. ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు కూడా చేసుకోవచ్చు. ఇంకో ప్రయోజనం.. ఆర్‌బీఐ, సెబీ, ఐఆర్‌డీఏఐ, పీఎఫ్‌ఆర్‌డీఏ లాంటి నియంత్రణ సంస్థల పరిధిలో ఉన్నవాళ్లే ఇందులో డేటా తీసుకోగలరు. రిజిస్ట్రేషన్ లేని అడ్వైజర్‌కి ఈ దారి మూసే ఉంటుంది. అందుకే అలాంటివాళ్లు "వాట్సాప్‌లో పీడీఎఫ్ పెట్టేయండి" అంటారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి

అక్కడ కూడా పద్ధతి ఇదే. అడ్వైజర్ వివరాలను ఎస్‌ఈసీ నడిపే ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్ పబ్లిక్ డిస్‌క్లోజర్ సైట్‌లో, బ్రోకర్ల వివరాలను ఫిన్రా బ్రోకర్‌చెక్‌లో ఉచితంగా చూడొచ్చు. పాత ఫిర్యాదులు, క్రమశిక్షణ చర్యలు ఉంటే అక్కడే కనిపిస్తాయి. తెలుగు సంఘం మీటింగ్‌లో కలిశారనో, మన జిల్లావాళ్లేననో మొదటి రోజే సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వొద్దు. అక్కడ నుంచి ఇండియాలో పెట్టుబడుల సలహా తీసుకుంటుంటే మాత్రం సెబీ రిజిస్ట్రేషన్ కూడా చూసుకోండి.

మొహమాటమే అసలు సమస్య

నిజం చెప్పాలంటే చాలామందికి ఇవన్నీ కొంతవరకు తెలుసు. అడగలేకపోవడమే ఇబ్బంది. "బావమరిది ఫ్రెండ్ కదా", "మన ఊరబ్బాయే కదా", "ఇంటికొచ్చి టీ తాగి వెళ్లాడు కదా, ఎలా అడుగుతాం?" అనుకుంటారు. దీనికి ఒక్క వాక్యం సిద్ధంగా పెట్టుకుంటే చాలు.

"ఏమనుకోకండి, డబ్బు విషయం ఏదైనా ఇంట్లో చూపించాకే చేస్తాం. మీ రిజిస్ట్రేషన్ నంబర్ పంపండి, చూసుకుని నేనే ఫోన్ చేస్తా."

నిజమైన అడ్వైజర్ దీనికి నొచ్చుకోరు, వెంటనే పంపుతారు. కోప్పడినా, "ఆఫర్ ఈ రోజే లాస్ట్" అని తొందరపెట్టినా, "నా మీద నమ్మకం లేదా?" అని సెంటిమెంట్‌తో కొట్టినా మీకు జవాబు దొరికినట్టే. ఇంట్లో పెద్దవాళ్లకి, ముఖ్యంగా ఈ మధ్యే రిటైరైన వాళ్లకి, భూమి అమ్మిన డబ్బో పరిహారమో చేతికొచ్చిన వాళ్లకి ఈ వాక్యం నేర్పించండి. పెద్ద మొత్తం చేతికొచ్చిన మొదటి కొన్ని నెలల్లోనే ఇలాంటి పరిచయాలు ఎక్కువవుతాయి.

ఇప్పటికే చెప్పేశారా? వెంటనే ఇవి చేయండి

కంగారు పడొద్దు, అలాగని ఆలస్యం కూడా చేయొద్దు. ఏం చెప్పారన్నదాన్ని బట్టి చేయాల్సిన పని మారుతుంది.

- డబ్బు పోతే లేదా ఓటీపీ, పిన్ చెప్పేసి ఉంటే ముందు బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ బ్లాక్ చేయించండి. వెంటనే 1930కి ఫోన్ చేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు. ఎంత త్వరగా చెబితే డబ్బు మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఫిర్యాదు నంబర్ రాసి పెట్టుకోండి.
- డీమ్యాట్ లాగిన్ ఇచ్చి ఉంటే పాస్‌వర్డ్ మార్చండి. అనుమానం ఉంటే ట్రేడింగ్ ఖాతాని మీరే ఫ్రీజ్ చేయించుకోవచ్చు. బ్రోకర్లు ఈ సౌకర్యం ఇవ్వాలని సెబీ చెప్పింది. డీమ్యాట్ ఖాతాని కూడా ఫ్రీజ్ చేయమని అడగొచ్చు.
- పాన్, ఆధార్ కాపీలు వెళ్లిపోతే క్రెడిట్ రిపోర్ట్ చూడండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్.. నాలుగూ ఏడాదికి ఒక్కోసారి పూర్తి రిపోర్ట్ ఉచితంగా ఇవ్వాలి. మూడు నెలలకోసారి ఒక్కో దాని నుంచి తీసుకుంటే ఏడాదంతా నిఘా ఉన్నట్టే. తెలియని లోన్ కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయండి.
- ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ చేసుకోండి. మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూసుకోండి.
- అకౌంట్ అగ్రిగేటర్ యాప్‌లో పాత అనుమతులు ఉంటే రద్దు చేయండి.
- రిజిస్టర్డ్ అడ్వైజర్ మీద ఫిర్యాదు ఉంటే ముందు ఆయనకే రాతపూర్వకంగా చెప్పండి. పరిష్కారం కాకపోతే సెబీ స్కోర్స్ పోర్టల్‌లో పెట్టండి. అక్కడ పరిష్కారానికి 21 రోజుల గడువు ఉంటుంది. సెబీ టోల్ ఫ్రీ నంబర్లు 1800 22 7575, 1800 266 7575.
- రిజిస్ట్రేషన్ లేనివాళ్ల విషయంలో స్కోర్స్ మీద ఆధారపడొద్దు. పోలీసులకి, సైబర్ క్రైమ్‌కి ఫిర్యాదు చేయడమే దారి. ఇతరుల పాస్‌వర్డ్, గుర్తింపు వివరాలు మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సీ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

చాట్లు, కాల్ రికార్డులు, పంపిన ఫైళ్లు డిలీట్ చేయొద్దు. సిగ్గుపడి దాచుకోవద్దు. ఇంట్లోవాళ్లకి వెంటనే చెప్పండి. గంట ఆలస్యం కూడా అవతలివాళ్లకే లాభం.

చివరిగా.. ఇవాళ ఒక్క పని చేయండి. మీ ఇంట్లో డబ్బు వ్యవహారాలు చూసేవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, "మన పాస్‌వర్డ్‌లు, మన ఫండ్ల మొబైల్ నంబర్, మన సంతకం పెట్టిన కాగితాలు ఎవరి దగ్గర ఉన్నాయి?" అని ఒక లిస్ట్ రాయండి. అందులో మీది కాని పేరు కనిపిస్తే, ముందు ఆ తాళం చెవి వెనక్కి తీసుకోండి. సలహా తర్వాత అయినా తీసుకోవచ్చు.